మనస్ఫూర్తిగా చేయుట: కొలొస్సయులకు 3:22–4:1 వెలుగులో మన అనుదిన పని

ఉపోద్ఘాతము

పాస్టరుగా నా పరిచర్య తొలి సంవత్సరములలో జరిగిన ఒక సంగతితో ఈ వ్యాసమును ప్రారంభిస్తాను. మా సంఘములోని ఒక సహోదరి పట్టణములోని ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు పద్ధతిన ఆయాగా పని చేసేది. వార్డులు కడుగుట, మంచము పట్టిన రోగుల ఒళ్లు తుడుచుట, బెడ్‌పాన్లు ఎత్తుట ఆమె పని. నాలుగు నెలలుగా జీతము అందలేదనీ, అడిగితే రేపటినుండి రావద్దంటున్నారనీ ఒక సాయంకాలము మా ఇంటికి వచ్చి చెప్పుకున్నది. నేను ఆమెతో ప్రార్థించాను. పిమ్మట కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3:23 చదివి, "నువ్వు పని చేసేది మనుషులకు కాదమ్మా, ప్రభువుకి. ఆయన చూస్తున్నాడు" అని చెప్పి పంపించాను. మంచి ఆదరణ ఇచ్చాననే అనుకున్నాను.

మరుసటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె తన బైబిలు తెరచి, వచనము మీద వేలు పెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. వయోజన విద్య తరగతిలో అక్షరములు నేర్చుకున్న మనిషి, కూడబలుక్కొని చదువుతుంది. "అయ్యగారూ, మీరు చదివిన వచనం ఇంటికెళ్లి మళ్లీ చదువుకున్నానండి. దాని కిందనే ఇంకోటి ఉంది, యజమానుల గురించి. అది ఎవరికి చదువుతారండి?" అని అడిగింది. ఆమె గొంతులో కోపము లేదు. నిజముగా తెలుసుకొనవలెననియే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అనుదిన పనిని దేవుని సేవగా, మనస్ఫూర్తిగా చేయవలెనని మనమందరము బోధించుచున్నాము. బోధించవలసినదే. అయితే ఆ బోధ ఎవరికి, ఏ ఉద్దేశముతో, ఎంతవరకు వినిపించుచున్నామో పరిశీలించుకొనవలసిన అవసరమున్నది. ఈ వ్యాసములో నేను చెప్పదలచినది ఒక్కటే: "మనస్ఫూర్తిగా" అను మాట పని చేయువానిని ఇంకా ఎక్కువ పిండుకొనుటకు ఇవ్వబడినది కాదు, అతని పనికి అసలైన యజమాని ఎవరో తెలిపి, అతనిని మనుష్యుల చూపునుండి విడుదల చేయుటకు ఇవ్వబడినది. ఆ యజమాని పని చేయువానికి ఎంత యజమానియో, పని చేయించుకొనువానికిని అంతే యజమాని.

వాక్యభాగపు నేపథ్యము

కొలొస్సయి పట్టణము ఆసియా మైనరులోని లూకసు నదీ లోయలో, లవొదికయకు హియెరాపొలికి సమీపమున ఉండేది. ఉన్నికి, అద్దకమునకు పేరుపొందిన ప్రాంతమది. అక్కడి ఇండ్లలోను, పొలములలోను, అద్దకపు శాలలలోను చాలా పని దాసుల చేతుల మీదుగా జరిగేది. రోమా చట్టము ప్రకారము దాసుడు యజమానుని ఆస్తి. అతనికి స్వంత వారసత్వ హక్కు లేదు; చట్టబద్ధమైన వివాహము లేదు; అతని చేతికి వచ్చినది చివరకు యజమానునికే చెందును. అంతకు పూర్వమే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ దాసుని ప్రాణమున్న పనిముట్టుగా వర్ణించాడు. పార, సుత్తి, దాసుడు ఒకే వరుసలో లెక్కించబడిన లోకమది.

ఆ కాలపు నీతి బోధకులు గృహధర్మములను గూర్చి చెప్పునప్పుడు సాధారణముగా ఇంటి యజమానునితోనే మాట్లాడేవారు: నీ భార్యను, నీ పిల్లలను, నీ దాసులను ఎట్లు నడిపించవలెనో అతనికి బోధించేవారు. పౌలు అట్లు చేయలేదు. "దాసులారా" అని వారితోనే నేరుగా మాట్లాడాడు. ఈ పత్రిక సంఘములో బిగ్గరగా చదువబడినప్పుడు యజమానుడును దాసుడును ఒకే గదిలో కూర్చొని విన్నారు. ఈ పత్రికను మోసుకొనిపోయిన తుకికుతో కూడ ఒనేసిము ఉన్నాడు (4:9). ఫిలేమోనుకు వ్రాసిన పత్రికలో మనకు కనబడు దాసుడు ఇతడే అని వ్యాఖ్యాతలు సాధారణముగా గ్రహించుదురు. కొలొస్సయి సంఘమునకు పౌలు అతనిని నమ్మకమైన ప్రియ సహోదరునిగా పరిచయము చేశాడు. దాసులను గూర్చిన ఈ మాటలు చదువబడుచున్నప్పుడు ఆ గదిలో అతడు నిలిచియున్నాడని మరచిపోకూడదు.

పౌలు దాసత్వ వ్యవస్థను రద్దు చేయుమని ఇక్కడ కోరలేదు. ఈ విషయమును దాచిపెట్టుట వలన ప్రయోజనము లేదు. ఈ వచనములను పట్టుకొని దాసత్వమును సమర్థించిన క్రైస్తవులు చరిత్రలో ఉన్నారు. అందువలన ఈ భాగమును మరింత జాగ్రత్తగా, చివరివరకు చదువవలెను.

మూడు పదముల పరిశీలన

మొదటి పదము "ఒఫ్తాల్మొడౌలియా". "కన్ను", "దాస్యము" అను రెండు మాటలు కలిసి ఏర్పడినది. దీనిని "కంటిసేవ" అనవచ్చును. క్రొత్త నిబంధనలో ఇది కొలొస్సయులకు 3:22లోను, ఎఫెసీయులకు 6:6లోను మాత్రమే కనబడుచున్నది. అంతకు ముందటి గ్రీకు రచనలలో కనబడనందున పౌలే ఈ మాటను కూర్చియుండవచ్చునని పలువురు పండితుల అభిప్రాయము. మేస్త్రీ చూచినప్పుడు పార లేచును, మేస్త్రీ వెనుదిరిగినప్పుడు పార ఆగును. ఇదే కంటిసేవ. ఇది దాసుని జబ్బు మాత్రమే కాదు. తనిఖీ రోజున తెల్లచొక్కాలు వేయించు బడిలోను, ఆడిట్‌కు ముందు రాత్రి రిజిస్టర్లు నింపు కార్యాలయములోను, పై అధికారి వచ్చు వారములోనే గృహదర్శనములు చేయు పాస్టరులోను ఈ జబ్బు ఉన్నది. శనివారము రాత్రి పది గంటలకు ప్రసంగము కొరకు బైబిలు తెరచి, ఆదివారము ఉదయము "దేవుడు నాతో మాట్లాడాడు" అని చెప్పిన దినములు నా పరిచర్యలో ఉన్నవి గనుక నేను ఈ మాట చెప్పుచున్నాను.

రెండవ పదము "హాప్లొటేస్". మన బైబిలులో "శుద్ధాంతఃకరణ" అను మాట దీనికి సంబంధించినదే. మడతలు లేకుండుట, రెండుగా లేకుండుట దీని మూలార్థము. లోపల ఒకటి, బయట ఒకటి లేని హృదయము. కుట్టుపని చేయువారికి ఇది బాగా అర్థమగును. రవికె బయటి కుట్టు అందరికి కనబడును. లోపలి మడత ఎవరికిని కనబడదు. అయితే నాలుగు ఉతుకులకు గుడ్డ నిలుచునా చిరుగునా అన్నది ఆ లోపలి మడత మీదనే ఆధారపడియున్నది.

మూడవ పదము 23వ వచనములోని "ఎక్ ప్సుఖేస్". "ప్సుఖే" అనగా ప్రాణము లేక ఆత్మ. "ఎక్" అనగా లోపలినుండి. మన తెలుగు అనువాదకులు "మనస్ఫూర్తిగా" అన్నారు, అది మంచి మాటయే. అయితే తెలుగువారి నోట దీనికి ఇంకా దగ్గరైన పలుకుబడి ఒకటున్నది: "ప్రాణం పెట్టి చేయుట". మంచి వడ్రంగిని, మంచి నర్సును, మంచి బడిపంతులును గూర్చి మనము "ప్రాణం పెట్టి చేస్తాడండీ" అంటాము. పౌలు చెప్పినది అదే.

ఇక్కడ ఒక విశేషమును గమనించవలెను. అరిస్టాటిల్ దాసుని "ఎంప్సుఖోన్ ఒర్గనోన్", అనగా ప్రాణముగల పనిముట్టు అన్నాడు. ఆ మాటలో ఉన్నదియు "ప్సుఖే" అను పదమే. తత్వవేత్త దృష్టిలో దాసుని ప్రాణము పనిముట్టును కదిలించు శక్తి మాత్రమే. పౌలు దృష్టిలో అదే ప్రాణము దేవునికి అర్పణ చేయగల వ్యక్తి అంతరంగము. పనిముట్టు మనస్ఫూర్తిగా పని చేయలేదు. మనిషి మాత్రమే చేయగలడు. కాబట్టి "మనస్ఫూర్తిగా చేయుడి" అని దాసునితో చెప్పుటలోనే, "నీవు పనిముట్టువు కావు" అను ప్రకటన ఇమిడియున్నది. యజమానుడు దాసుని చేతులను కొనగలడు. ప్రాణమును కొనలేడు. దానిని ఎవరికి ఇవ్వవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము దాసునిదే.

24వ వచనము దీనిని ఇంకొక మెట్టు పైకి తీసికొనిపోవుచున్నది. చట్టము వారసత్వము నిరాకరించిన మనుష్యులతో పౌలు "స్వాస్థ్యము" అను మాట వాడుచున్నాడు. స్వాస్థ్యము కుమారులకు, కుమార్తెలకు దక్కునది. కూలిగా ఇచ్చునది కాదు. దాసుడు ఆ ఇంటి ఆస్తిలో భాగమని లోకము చెప్పుచుండగా, అతడు దేవుని ఇంటి వారసుడని సువార్త చెప్పుచున్నది.

తెలుగు నుడికారములో ఒక హెచ్చరిక

పనిని ఏదో అయ్యిందనిపించుటకు తెలుగులో మనము వాడు మాటలను ఒకసారి ఆలోచించండి. "మొక్కుబడిగా చేశాడు" అంటాము. "తూతూమంత్రంగా కానిచ్చాడు" అంటాము. "మమ అనిపించాడు" అంటాము. ఈ మూడు మాటలును ఆరాధన స్థలమునుండి వచ్చినవే. మొక్కుబడి అనగా మొక్కుకున్నది చెల్లించుట, మంత్రము పూజలోనిది, "మమ" అనునది పురోహితుడు చెప్పించు సంకల్పములో యజమాని పలుకునది. హృదయము లేని పనికి పేరు వెదకినప్పుడు మన పూర్వులు దానిని హృదయము లేని ఆరాధనతో పోల్చారు.

ఇది ఇతరులను విమర్శించుటకు చెప్పుట లేదు. మన "ఆమేన్" కూడ అట్టి మాటగా మారుటకు ఎంతోకాలము పట్టదు. యెషయా 1వ అధ్యాయములోను, ఆమోసు 5వ అధ్యాయములోను దేవుడు తన స్వంత ప్రజల పండుగలను, పాటలను త్రోసివేయుట మనము చదువుచున్నాము. ఆరాధనకును పనికిని మధ్య తెర లేదని మన భాషకు తెలిసియున్నది. ఒకటి బోలుగా ఉన్నప్పుడు రెండవదియు బోలుగా మారును.

హీబ్రూ భాష కూడ ఇదే సాక్ష్యమిచ్చుచున్నది. ఆదికాండము 2:15లో ఏదెను తోటను సేద్యపరచుటకు వాడిన "ఆబద్" అను ధాతువే దేవుని సేవించుటకును వాడబడినది. దానినుండి వచ్చిన "అబోదా" అను మాట నిర్గమకాండములో ఇటుకల వెట్టిచాకిరికిని, పిమ్మట ప్రత్యక్షపు గుడారపు సేవకును వాడబడెను. ఫరో క్రింద చేసినదియు "అబోదా"యే. యెహోవాకు చేసినదియు "అబోదా"యే. భేదము చేతుల కదలికలో లేదు. ఎవరి క్రింద, ఎవరి కొరకు అన్నదానిలో ఉన్నది. నిర్గమకాండము 31లో దేవుని ఆత్మతో నింపబడినవాడని చెప్పబడిన బెసలేలు ప్రవక్త కాడు, యాజకుడు కాడు. బంగారము, వెండి, ఇత్తడి, రాయి, చెక్క పని తెలిసిన చేతిపనివాడు. మార్కు 6:3లో ప్రజలు మన ప్రభువును వడ్రంగి అని పిలిచారు. ఆయన పరిచర్య సంవత్సరములకంటె ఆ చేతిపని సంవత్సరములే అధికము. పౌలు డేరాలు కుట్టాడు (అపొ. కార్య. 18:3). దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములు పట్టుకొని ఏడ్చారు (అపొ. కార్య. 9:39). ఆమె ప్రసంగము ఒక్కటియు మనకు మిగులలేదు. ఆమె కుట్టుపనియే ఆమె సాక్ష్యము.

సంఘ చరిత్రనుండి మూడు నిదర్శనములు

17వ శతాబ్దములో పారిస్ నగరములోని ఒక కర్మెలీయుల మఠములో సహోదరుడు లారెన్స్ అను వంటవాడు ఉండేవాడు. పూర్వము సైనికుడు. చదువు తక్కువ. వంటపని అతనికి స్వభావసిద్ధముగా ఇష్టము లేనిది. అయినను చాలా సంవత్సరములు ఆ వంటగదిలోనే పని చేసి, తరువాత చెప్పులు బాగుచేయు పనిలో ఉండి, 1691లో మరణించాడు. ప్రార్థన సమయమునకును గిన్నెల చప్పుడు మధ్య గడుపు సమయమునకును తనకు భేదము లేదని అతడు సాక్ష్యమిచ్చాడు. అతని సంభాషణలు, ఉత్తరములు దేవుని సన్నిధి అభ్యాసమును గూర్చిన చిన్న పుస్తకముగా నేటికిని చదువబడుచున్నవి. ఇక్కడ మనము నేర్చుకొనవలసినది, మనస్ఫూర్తి అనగా ఇష్టమైన పని దొరుకుట కాదు. ఇష్టము లేని పనిలోకి ప్రియమైన ప్రభువును ఆహ్వానించుట.

రెండవది శ్రీరాంపూరు. 1812 మార్చి 11 సాయంకాలము అక్కడి మిషను అచ్చుకూటము అగ్నికి ఆహుతియైనది. అనేక ప్రాచ్య భాషల అచ్చు అక్షరములు, కాగితము, ఏండ్ల తరబడి సిద్ధపరచిన వ్రాతప్రతులు కాలిపోయినవి. వాటిలో విలియం కేరీ తెలుగు వ్యాకరణపు ప్రతియు ఉన్నది. అచ్చుకూటపు బాధ్యుడైన విలియం వార్డు, అతని తోటి పనివారు బూడిదలో వెదకి, అక్షరములు పోతపోయు అచ్చులు చెడకుండ ఉన్నవని కనుగొని, కరిగిపోయిన లోహమును ప్రోగుచేసి మరల అక్షరములు పోతపోశారు. ఒక పుటకు వందలాది చిన్న అక్షరములు. ఒక్కొక్కటి వేలితో పట్టి కూర్చవలసినది. తెలుగు వ్యాకరణము 1814లో, తెలుగు క్రొత్త నిబంధన 1818లో శ్రీరాంపూరులో అచ్చయినవి. మనము కేరీ పేరు చెప్పుకొందుము. పోతపోసినవారి పేర్లు, కూర్చినవారి పేర్లు చాలవరకు మనకు తెలియవు. కనబడని పని అనగా ఇదే.

మూడవది మన ఒంగోలు ప్రాంతము. 1876–78 కరవులో ప్రజలు ఆకలితో చనిపోవుచుండగా ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్వకమును చేపట్టినది. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ పూర్వము భూమి సర్వే పని చేసినవాడు. అతడు ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగమును కాంట్రాక్టుగా తీసికొని, బీదలకు, ముఖ్యముగా మాదిగలకు, పని కల్పించాడు. మిషను ప్రసంగీకులు పని చేయించు బాధ్యత వహించారు. విరామ సమయములలో వారు కూలీల మధ్య కూర్చొని, ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలుచుచున్న మత్తయి 11:28ని వివరించేవారు. మన్ను త్రవ్వు మనుష్యులకు ఆ వచనము ఎట్లు వినబడియుండునో ఊహించుకొనవచ్చును. కరవు కాలములో బియ్యము కొరకు వచ్చారను మాట రాకుండునట్లు క్లౌ బాప్తిస్మములను ఆపివేశాడు. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఈ చరిత్రకు మరియొక ప్రక్క ఉన్నది. అదే మాదిగ విశ్వాసులు తమ గ్రామములలో ఆదివారము పనికి రామనియు, జాతరలలో డప్పు కొట్టమనియు, చచ్చిన పశువుల మాంసము తినమనియు చెప్పి హింసలు పడ్డారు. పనిని ప్రేమించినవారే కొన్ని పనులను నిరాకరించారు. తోలు పనిని వారు మానలేదు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వారిని గూర్చి వ్రాసిన ఆంగ్ల గ్రంథమునకు చెప్పులు కుట్టు పనియే పేరైనది. చెప్పు కుట్టుట ప్రభువుకు చేయదగిన పని. మరియొకరి దేవత ముందు బలవంతముగా డప్పు కొట్టుట ప్రభువుకు చేయదగిన పని కాదు. ఈ వివేచన ఏ సెమినరీలోను నేర్చుకొనకుండనే వారికి కలిగినది. ఏ పనిని "ప్రభువు నిమిత్తము" చేయలేమో ఆ పనిని మనస్ఫూర్తిగా చేయుమని వాక్యము కోరుట లేదు.

మనము ఆపివేయు చోటు

ఇప్పుడు ఆ సహోదరి అడిగిన ప్రశ్నకు రావలెను. "దాని కిందనే ఇంకోటి ఉంది."

బైబిలు అధ్యాయ విభజన పౌలు చేసినది కాదు. నేడు మనము వాడు విభజన 13వ శతాబ్దములో ఏర్పడినది. దాని ప్రకారము దాసులకు చెప్పిన మాటలు మూడవ అధ్యాయము చివరలోను, యజమానులకు చెప్పిన మాట నాలుగవ అధ్యాయము మొదటి వచనముగాను పడినవి. ప్రసంగీకుడు అధ్యాయము ముగిసిన చోట ఆగును. సంఘములోని పనివారు తమ వంతు విని ఇంటికి పోవుదురు. యజమానులు తమ వంతు వినకుండనే పోవుదురు. నేను కూడ అనేక పర్యాయములు అక్కడనే ఆగాను.

4:1లో పౌలు యజమానులను రెండు సంగతులు అడుగుచున్నాడు. ఒకటి న్యాయమైనది. రెండవదానికి గ్రీకులో "ఇసోటేస్" అను మాట ఉన్నది. మన అనువాదములో అది ధర్మానుసారమైనదిగా వచ్చినది. దాని మూలార్థము సమానత్వము. 2 కొరింథీయులకు 8:13,14లో విశ్వాసుల మధ్య సమానత్వమును గూర్చి పౌలు వాడిన పదమే ఇది. పైగా ఈ భాగమంతటిలో మనుష్య యజమానునికిని ప్రభువుకును గ్రీకులో ఒకే పదమున్నది: "కురియోస్". భూమి మీది కురియోసు పైన పరలోకమందలి కురియోసు ఉన్నాడు. 3:25లో పక్షపాతము లేదని చెప్పిన మాట ఇరువురికిని వర్తించును.

తక్కిన లేఖనములును ఇదే చెప్పుచున్నవి. కూలివాని కూలి ప్రొద్దు క్రుంకకముందే ఇవ్వవలెనని ద్వితీయోపదేశకాండము 24:14,15 ఆజ్ఞాపించుచున్నది. జీతమియ్యక పొరుగువానిచేత పని చేయించుకొని ఇల్లు కట్టుకొనువానికి యిర్మీయా 22:13 శ్రమ ప్రకటించుచున్నది. బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు 5:4 చెప్పుచున్నది. గమనించండి: అక్కడ మొఱ్ఱపెట్టుచున్నది కూలియే. కూలివాడు నోరు మూసికొన్నను కూలి ఊరకుండదు.

మన దేశములో వెట్టిచాకిరిని 1976 చట్టము రద్దు చేసినది. చేతితో మలము ఎత్తించుటను 1993లోను, మరింత విస్తృతముగా 2013లోను చట్టములు నిషేధించినవి. అట్టి పనులలో చిక్కుకొన్నవారితో "మనస్ఫూర్తిగా చేయండి" అని చెప్పుట సువార్త కాదు. వారిని దానినుండి విడిపించుటయే అక్కడ మనస్ఫూర్తియైన సేవ. విడుదల పొంద శక్యమైతే దానిని వినియోగించుకొనుమని 1 కొరింథీయులకు 7:21లో పౌలే దాసునికి సలహా ఇచ్చాడు.

ఆచరణకు నాలుగు సూచనలు

మొదటిది, కనబడని భాగమును మొదట చేయండి. ఉపాధ్యాయుడు వెనుక బెంచీ పిల్లవాని నోటుపుస్తకము దిద్దుట, గుమాస్తా ఫైలులో క్రిందనున్న ముసలామె పింఛను కాగితమును పైకి తీయుట, మధ్యాహ్న భోజనము వండు తల్లి బియ్యములో రాళ్లు ఏరుట: వీటికి ఎవరును చప్పట్లు కొట్టరు. మన పని ప్రభువుకా, మనుష్యుల కంటికా అన్నది ఇక్కడనే తేలును.

రెండవది, ఇంటిపనిని పనిగా ఎంచండి. "మీ ఇంట్లో ఆవిడ ఏం చేస్తారండీ?" అని అడిగితే "ఏం లేదండి, ఇంట్లోనే ఖాళీగా ఉంటుంది" అని జవాబు చెప్పు పురుషులు మన సంఘములలో చాలామంది. తెల్లవారకముందే లేచి, అందరు పండుకున్న తరువాత పండుకొను మనిషి ఖాళీగా ఉన్నదని చెప్పుట అబద్ధ సాక్ష్యము. ప్రభువే తువాలు కట్టుకొని పాదములు కడిగినప్పుడు (యోహాను 13) ఆ పని ఇంటిలోని పురుషులకు ఎందుకు తగనిదైనదో చెప్పగలవారు లేరు.

మూడవది, విశ్రాంతియు మనస్ఫూర్తిలో భాగమే. నిర్గమకాండము 20:10లో విశ్రాంతి దినము దాసునికిని, దాసికిని, పశువుకును ఇవ్వబడినది. ప్రాణము పెట్టి పని చేయుట అనగా ప్రాణము తీసికొనునంతగా పని చేయుట కాదు. విశ్రాంతి తీసికొనలేని సేవకుడు లోకము తన మీదనే నిలిచియున్నదని తలంచుచున్నాడు. పాస్టర్లమైన మనము దీనిని మొదట వినవలెను.

నాలుగవది, సంఘము తన ఇంటినుండి ప్రారంభించవలెను. ఆలయమును ఊడ్చు మనిషికి, వాచ్‌మన్‌కు, సంఘము నడుపు బడిలోని టీచరుకు, మన ఇంటిలో అంట్లు తోము ఆమెకు మనమిచ్చుచున్నది ఎంత? ఎప్పుడు ఇచ్చుచున్నాము? సెలవు ఉన్నదా? మనస్ఫూర్తిగా పని చేయుమని వారికి చెప్పుటకు ముందు, మనస్ఫూర్తిగా జీతమిచ్చితిమా అని లెక్కచూచుకొనవలెను.

ముగింపు

ఆ సహోదరి ప్రశ్నకు ఆ దినమున నాకు జవాబు లేదని వ్రాశాను. ఒక వారము తరువాత మా స్త్రీల సమాజము వారు నలుగురు ఆమెతో కలిసి కాంట్రాక్టరు దగ్గరకు వెళ్లారు. నేనును వెళ్లాను, కాని దారి చూపినది వారే. బకాయి జీతము రెండు విడతలుగా ఇచ్చారు. ఆ నాలుగు నెలలును ఆమె పని మానలేదు, తగ్గించలేదు. వృద్ధ రోగులను చన్నీళ్లతో తుడువలేక, వంటగదిలో బ్రతిమాలి వేడినీళ్లు తెచ్చేదని వార్డులో ఉన్న ఒక రోగి ద్వారా తరువాత నాకు తెలిసినది. "జీతం ఇవ్వకపోయినా అంత శ్రద్ధగా ఎలా చేశావమ్మా?" అని అడిగాను. "జీతం ఇవ్వనిది వాళ్లండి, పడుకున్న ముసలోళ్లు కాదు గదండి" అన్నది.

మనస్ఫూర్తిగా చేయుటకు నాకు తెలిసిన మంచి వ్యాఖ్యానము అదే. ఆమె చేతులు రోగికి సేవ చేసినవి. ఆమె నోరు న్యాయమును అడిగినది. రెండును ఒకే ప్రభువు నిమిత్తమే. మూడవ అధ్యాయమును నాలుగవ అధ్యాయమును ఆమె విడదీయలేదు.

ఆ నెల మా సంఘ కమిటీలో, ఆలయమును ఊడ్చు మనిషికి మేమిచ్చుచున్నది ఎంత అని నేను లెక్కలు అడిగాను. కోశాధికారి పుస్తకము త్రిప్పి చూచి, "జీతమని ఏమీ లేదండి, క్రిస్మసుకి బట్టలు, అప్పుడప్పుడు ఏదో ఇంత" అన్నాడు. అతనిది తప్పు కాదు. ఆరు సంవత్సరములుగా ఆ లెక్కల క్రింద సంతకము పెట్టినది నేనే. ఆ "ఏదో ఇంత" అను మాటను కొట్టివేసి, నెలకు ఒక అంకె వ్రాసికొన్న తరువాతనే, మరల కొలొస్సయులకు 3:23 మీద ప్రసంగించుటకు నాకు ధైర్యము కలిగినది. ఆ ఆదివారము 4:1 వరకు చదివాను.